పడవ ఇచ్చిన నీళ్ళు

ముప్పై ఏడోసారి గాజు పలక మీంచి పొర చిరగకుండా లేచింది.

నూకరత్నం ఊపిరి బిగబట్టి, రెండు పట్టకార్లతో దాని అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తింది. ఎక్కడా పగులు లేదు, బుడగ లేదు. లేత తేనె రంగులో, అవతల ఉన్న మనిషి కనపడేంత పల్చగా ఉంది. ల్యాబులో అందరూ దాన్ని అప్పడం అంటారు. కాగితం మీద దాని పేరు చాలా పెద్దది, ఎవరూ వాడరు.

"ఊదితే ఎగిరిపోయేలా ఉంది మేడమ్! దీన్ని నమ్ముకునే బోటు నడవాలా?" అంది మెహర్. ఆరేళ్ళుగా నూకరత్నం దగ్గర టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. ముప్పై ఆరు అప్పడాల చావు దగ్గరుండి చూసింది.

"నడవాలి. పద, బిగిద్దాం."

ఫ్యూయల్ సెల్ చేసే పని చెప్పడానికి సులువే. పొరకి ఒకవైపు హైడ్రోజన్, రెండోవైపు గాలి. హైడ్రోజన్‌లోంచి విడిపోయిన ప్రోటాన్లని మాత్రమే పొర అటువైపుకి పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు దారి లేక తీగ చుట్టూ తిరిగి వస్తాయి, అదే కరెంటు. చివరికి అందరూ అవతలి గట్టున కలిసి నీళ్ళవుతారు. పొగ లేదు, మోత లేదు. ఊళ్ళో బస్సులు అలాగే నడుస్తున్నాయి. ఈ సెల్స్‌ని సముద్రం మీదికి తీసుకెళితే మాత్రం నెల తిరక్కుండా చస్తున్నాయి. ఉప్పు గాలిలోని సోడియం పొరలోకి దూరి, ప్రోటాన్లు నడిచే దారుల్లో కూర్చుండిపోతుంది. డీజిలు బోట్లని రేవుల్లోంచి తీసెయ్యడానికి ఇంకా మూడేళ్ళే గడువుంది. ఉప్పుని తట్టుకునే పొర దేశంలో ఎవరి దగ్గరా లేదు.

నూకరత్నం పాలిమర్‌లో నానో సిలికా రేణువులు కలిపింది. వాటికి టంగ్‌స్టన్ ఉన్న ఒక ఆమ్లాన్ని పట్టించింది. సోడియం వచ్చినా ఆ ఆమ్లం ప్రోటాన్లకి కొత్త దారి తెరుస్తుంది. ఊహ బాగానే ఉంది కానీ, ముప్పై ఆరుసార్లూ ఆ ఆమ్లం నీళ్ళతోపాటు కారిపోయింది. ఈసారి ఒక్కో రేణువునీ పాలిమర్ గొలుసుకి ముడివేసే కొత్త పద్ధతి పట్టింది.

ఉప్పు పొగమంచు చిమ్మే గదిలో సెల్‌ని పెట్టి ఆన్ చేశారు. వంద గంటలు గడిచాయి. మీటరు మీద కరెంటు అంకె కదల్లేదు. మూడు వందల గంటలకీ కదల్లేదు. అప్పటికి మూడుసార్లు సెల్‌లోంచి కారిన నీళ్ళు పరీక్ష చేసి, టంగ్‌స్టన్ లేదని రాసుకున్నారు. ఆ తర్వాత నీళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. అందరి కళ్ళూ కరెంటు అంకె మీదే. ఆరు వందల గంటలు దాటిన ఉదయం మెహర్ ఆ గది అద్దం మీద చేత్తో దరువేసి, "మేడమ్, ఇది చావదు!" అని అరిచింది. పక్క ల్యాబుల వాళ్ళు పరుగున వచ్చారు. ఎవరో మిఠాయి తెచ్చారు. నూకరత్నం మాత్రం మిఠాయి చేతిలో పట్టుకుని, తినడం మరిచిపోయి ఆ అంకెనే చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం జాలరిపేటలో అన్న ఇంట్లో భోజనం. ఎల్లాజీ ఇరవై రెండేళ్ళుగా మర బోటు డ్రైవరు. అతని భార్య మసేనమ్మ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఆ ఇంటి ఖర్చుతోనే నూకరత్నం చదువుకుంది.

"ఒలే రత్నాలూ, ఆ అప్పడం బోటేదో నాకే ఇవ్వు," అన్నాడు ఎల్లాజీ, పులుసులో చెయ్యి తీయకుండానే. "డీజిలు పొగ పీల్చి పీల్చి గుండెలు మసిబారిపోనాయి. ఎవుడో తెలీనోడికి ఇచ్చీకంటే నాకిత్తే, బాగుంటే బాగుందంతాను, నేకపోతే మొకాన సెప్పీత్తాను."

"అంత తేలిగ్గా ఇవ్వరన్నియ్యా. నెలల తరబడి తిప్పాలి. ప్రతి గంటా లెక్క రాయాలి."

"రాత్తాను. నాను ఏడు సదివినాను గదేటి."

మసేనమ్మ చేప ముక్క వడ్డిస్తూ ఆగింది. "ఆ బోటులో ఐసు ఎయ్యరటగా? ఐసు నేకండా సేపలెలాగుంటాయి?"

"కరెంటే చల్లబరుస్తుంది వదినా. ఉప్పునీళ్ళని చల్లగా ఉంచే పెట్టె ఒకటుంటుంది. టన్నుల కొద్దీ ఐసు మొయ్యక్కర్లేదు," అంది నూకరత్నం గర్వంగా. అదీ వాళ్ళ గొప్పల్లో ఒకటి.

అనుమతులు వచ్చాయి. ఎల్లాజీ, వంటచేసే వాసుపల్లి దానయ్య, మరో నలుగురు కలాసీలు బోటెక్కారు. వేసవి వెళ్ళేలోగా బోటు నాలుగు వందల గంటలు తిరిగింది. మొదటిరోజు రేవు దాటేటప్పుడు ఎల్లాజీ ఫోనులో అరిచిన అరుపు నూకరత్నం చెవుల్లో చాలా రోజులు ఉండిపోయింది. "ఒలే! అల సప్పుడు ఇనిపిత్తందే! బోటు మీద నిలబడి అల సప్పుడు ఇంతన్నానే!"

అక్టోబరులో దూరప్రయాణం పెట్టారు. వెళ్ళిన అయిదో రోజున అల్పపీడనం తుఫానుగా మారింది. వెనక్కి రమ్మని కబురు వెళ్ళింది. వెనక్కి తిరిగిన బోటు ప్రొపెల్లర్‌కి, సముద్రంలో ఎవరో వదిలేసిన పాత వల చుట్టుకుంది. ఇరుసు విరిగింది. అదే పూట వచ్చిన పెద్ద అల డెక్కు మీది మంచినీళ్ళ డ్రమ్ముల్నీ, వంట పొయ్యినీ, గ్యాసు బండనీ ఊడ్చుకుపోయింది.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి శాటిలైట్ ఫోను మోగింది. ల్యాబులో కరెంటు లేదు. కిటికీల మీద వాన కొరడాలతో కొడుతున్నట్టుంది.

"మనుసులమందరం ఉన్నాం," అన్నాడు ఎల్లాజీ. గొంతు పొడిగా గీరుకుపోతోంది. "తుపాను మాకూ మీకూ నడుమనున్నాది. ఇక్కడ నెత్తిన ఎండ కాత్తంది. సుక్క వాన నేదు. నీళ్ళు నిన్న పగటేలే అయిపోనాయి. ఓడ ఎప్పుడొత్తాదంట?"

నూకరత్నం అప్పటికే తీర రక్షక దళం వాళ్ళతో మాట్లాడింది. తుఫాను దాటితేనే ఓడ కదులుతుంది. "ఎల్లుండి మధ్యాహ్నం దాకా పట్టొచ్చన్నియ్యా."

ఎల్లాజీ మెల్లగా అడిగాడు. "రత్నాలూ, నీ కరెంటు పెట్టె కింద గొట్టంలోంచి నీళ్ళు కారతన్నాయి. తాగొచ్చా?"

నూకరత్నం ఉప్పు గదిలోని సెల్ వైపు తిరిగింది.

"దానయ్య పొద్దున్నే సెంబుడు తాగీసినాడే. అప్పటినుంచి కక్కుకుంటన్నాడు. కడుపులో మంటంతన్నాడు."

"దాని మీద తాగకూడదని రాసి అంటించాం కదన్నియ్యా!"

"ఏటి రాసినావు? ఇంగిలీసులో ఉన్నాది. దానయ్యకి తెలుగే సదవడం రాదు."

నూకరత్నం టేబుల్ అంచు పట్టుకుంది. ఆ స్టిక్కర్ రాసింది తనే. ఫైలుకి ఫోటో కావాలంటే హడావుడిగా అచ్చు వేయించి అంటించింది. "అన్నియ్యా, ఇంకెవరూ తాగొద్దు. నాకు మూడు గంటలు టైమియ్యి. పెట్టెలో హైడ్రోజన్ ఎంతుందో చూసి చెప్పు."

ఎనిమిది కిలోలుంది. కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది లీటర్ల నీళ్ళు పుడతాయి. సగం ఆవిరిగా పోయినా ముప్పై ఆరు లీటర్లు. ఆరుగురికి మూడు రోజులు దాటాక కూడా మిగులుతాయి. నీళ్ళున్నాయి. అవి మందో విషమో తెలియదు.

ఫోను పెట్టేసరికి గుమ్మంలో మసేనమ్మ నిలబడి ఉంది. నిలువెల్లా తడిసి, చీర కొంగులోంచి నీళ్ళు కారుతున్నాయి. జాలరిపేటనుంచి ఆటో దొరక్క సగం దూరం నడిచి వచ్చింది. మాటలన్నీ విన్నట్టుంది.

"మామూలు బోటైతే ఐసు కరిగించుకుని తాగీవోళ్ళు," అంది. అరవలేదు. అరిచి ఉంటే నూకరత్నానికి తేలికయ్యేది.

"కూర్చో వదినా. నన్ను పనిచేసుకోనియ్యి."

బోటులో ఉన్న పొరా, ల్యాబులో ఉప్పు గదిలో తిరుగుతున్న పొరా ఒకే అప్పడంలోంచి కోసిన రెండు సగాలు. ఇక్కడి నీళ్ళు ఏం చెబితే అక్కడి నీళ్ళూ దాదాపు అదే చెబుతాయి. పెద్ద యంత్రాలు కరెంటు లేక పడుకున్నాయి. మెహర్ పాత పద్ధతి గుర్తుచేసింది. నీళ్ళలో కాస్త ఆమ్లం, చిటికెడు తగరం లవణం వేసి కలిపితే, టంగ్‌స్టన్ ఉన్నచోట నీలం రంగు తిరుగుతుంది. పొర అరిగితే నీళ్ళలోకి వచ్చే ఫ్లోరైడుని కొలిచే మీటరు బ్యాటరీతో నడుస్తుంది.

మొదటి పరీక్ష గొట్టం కిటికీ దగ్గర పెట్టారు. ముగ్గురు ఆడవాళ్ళూ దాని మీదికి వంగారు. చూస్తుండగానే అడుగునుంచి నీలం లేచింది. నీలిమందు వేసిన చీర జాడించిన నీళ్ళలా పైదాకా పాకింది.

"అంటే?" అంది మసేనమ్మ.

"అంటే ముడి ఊడుతోంది," అంది నూకరత్నం. "ఆమ్లం నీళ్ళలోకి వస్తోంది."

మెహర్ గడియారం వైపు, సెల్ వైపు మార్చి మార్చి చూసింది. "మేడమ్, కరెంటు పోయినప్పుడు సెల్ ఒక్కసారిగా ఆగింది కదా. నేను బ్యాటరీ పెట్టి మళ్ళీ ఒక్క ఊపున పూర్తి లోడు ఇచ్చాను. ఈ నీళ్ళు ఆ తర్వాతవి. నెమ్మదిగా నడుస్తున్నప్పుడు ఇలా ఉండేదా? మూడు వందల గంటలప్పుడు లేదుగా?"

నూకరత్నం తలెత్తింది. లోడు ఒక్కసారిగా పెరిగితే పొర ఉబ్బుతుంది. ఉబ్బితే వదులుగా ఉన్న రేణువులు కడుక్కుపోతాయి. బోటులో నిన్నంతా అదే జరిగింది. మోటారు తిరగడం, ఆగడం, లాగడం, ఆగడం. దానయ్య తాగింది ఆ నీళ్ళే. మరి లోడు అటూ ఇటూ కదలకుండా నిలిపితే?

"బోటు మీద లైట్లూ పంపూ అన్నీ వేస్తే ఎంత లోడో, ఆ లెక్కన దీనికీ పెట్టి వదిలెయ్యి. ముట్టుకోవద్దు. పది నిమిషాలకోసారి నీళ్ళు పట్టు."

పదో నిమిషం గొట్టం నీలంగానే ఉంది. ఇరవయ్యో నిమిషం లేత నీలం. ముప్పై నిమిషాలకి, తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే తప్ప రంగు కనపడలేదు. నలభయ్యో నిమిషం గొట్టాన్ని మెహర్ కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పింది. "ఏమీ లేదు! మేడమ్, ఏమీ లేదు!" మరో రెండు గొట్టాలు పట్టారు. రెండూ తెల్లగానే ఉన్నాయి. ఫ్లోరైడు మన ఊళ్ళ బోరు నీళ్ళలో ఉన్నంత కూడా లేదు. మెహర్ నూకరత్నాన్ని పట్టుకుని ఊపేసింది. నూకరత్నం అప్పటికే ఫోను అందుకుంటోంది.

మసేనమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ముందు నువ్వు తాగు."

"వదినా, పరీక్ష..."

"నీ రంగులు నాకు తెలవవు. దానయ్య తాగినప్పుడు తెల్లగానే ఉండుంటాయి గదా. నువ్వు తాగు. అప్పుడు మీ అన్నకి సెప్పు."

ఒక మనిషి ఒక గ్లాసు తాగితే దేన్నీ రుజువు చేసినట్టు కాదని నూకరత్నానికి తెలుసు. ఆ మాట అనలేదు. బీకరులో పట్టిన నీళ్ళు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. రుచీ లేదు, వాసనా లేదు, గోరువెచ్చగా ఉన్నాయి. "ఓడ వచ్చేదాకా నేనూ ఈ నీళ్ళే తాగుతాను వదినా. వాళ్ళు ఎన్ని తాగితే అన్ని."

మసేనమ్మ చెయ్యి వదిలింది.

"అన్నియ్యా, జాగ్రత్తగా విను. లైట్లన్నీ వెయ్యి. చేపల పెట్టె ఆన్ చెయ్యి. పంపు ఆన్ చెయ్యి. కరెంటు వాడితేనే నీళ్ళు పుడతాయి."

"పట్టపగలు లైట్లేటే?"

"పట్టపగలే. వేసినవి వేసినట్టు ఉంచండి. ఒక్క స్విచ్చి కూడా ముట్టుకోవద్దు. మొదటి నలభై నిమిషాల నీళ్ళు... ఇంకా అనుమానం లేకుండా గంట అనుకో. ఆ గంటలో వచ్చినవన్నీ సముద్రంలో పారబొయ్యి."

"పారబొయ్యాలా?" అన్నాడు ఎల్లాజీ. "నాలిక పిడచగట్టుకుపోయినోళ్ళ ముందర నీళ్ళు పారబొయ్యమంతావేటే? ఈళ్ళు నన్ను సంపీత్తారు."

"వాళ్ళకి దానయ్యని చూపించన్నియ్యా. గంట ఆగితే అందరూ బతుకుతారు."

ఎల్లాజీ ఫోను పెట్టెయ్యలేదు. అటువైపు ఏం జరుగుతోందో నూకరత్నం, మసేనమ్మ ఇద్దరూ చెవులు ఆనించి విన్నారు. బకెట్టు చప్పుడు. ఎవరో ఏడుస్తున్నట్టు బతిమాలుతున్నారు. పెనుగులాట. తర్వాత ఎల్లాజీ గట్టిగా, "నాగయ్యా, బకెట్టొగ్గు! నా సెల్లెలు సెప్పినాది, ఒగ్గు!" అన్నాడు. నీళ్ళు సముద్రంలో పడిన శబ్దం సన్నగా వినపడింది. గంటలో ఆ శబ్దం ఆరుసార్లు వచ్చింది. ఒక్కోసారి మసేనమ్మ కళ్ళు మూసుకుంది. కిటికీ అవతల విశాఖ వీధులు మోకాలిలోతు నీళ్ళలో ఉన్నాయి.

గంట నిండింది. "ఇప్పుడు?" అన్నాడు ఎల్లాజీ.

"ఇప్పుడు తాగండి. ముందు దానయ్యకి, కొంచెం కొంచెంగా."

గుటకల చప్పుడు. ఆ తర్వాత ఎవరో నవ్వారు. ఎండిన గొంతుతో, పిచ్చివాడిలా నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. మసేనమ్మ నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఓడ మూడోరోజు మధ్యాహ్నం చేరింది. మబ్బు పట్టిన సముద్రంలో, అన్ని లైట్లూ వేసుకుని పెళ్ళివారి బోటులా తేలుతున్న దాన్ని చాలా దూరంనుంచే గుర్తుపట్టామని ఆ ఓడ అధికారి చెప్పాడు. అప్పటికి పెట్టెలో కిలోన్నర హైడ్రోజన్ మిగిలి ఉంది. నూకరత్నం కూడా మూడు రోజులూ ఆ నీళ్ళే తాగింది. ఆమెకేమీ కాలేదు. ఎల్లాజీకీ, నలుగురు కలాసీలకీ కూడా ఏమీ కాలేదు.

దానయ్య నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ, మూత్రపిండాలు సగమే పనిచేస్తాయన్నారు. ఇక సముద్రం మీదికి వెళ్ళకూడదన్నారు. నూకరత్నం అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నా తప్పే దానయ్య బాబూ," అంది. "నీళ్ళు పుట్టే యంత్రం చేశాను. ఆ నీళ్ళు ఎవరైనా తాగుతారేమోనని ఒక్కరోజు కూడా ఆలోచించలేదు."

దానయ్య కప్పు వైపు చూస్తూ అన్నాడు. "నలబయ్యేళ్ళు సముద్రం మీద తిరిగినాను తల్లీ. నీళ్ళు కనిపిత్తే తాగకండా ఉండగలమేటి? ఓ మనిసి బొమ్మేసి, దాని మీద గీత కొట్టుంటే నాకు తెలిసీది."

విచారణ జరిగింది. తాగమని ఎవరు చెప్పారు అని అడిగితే, నేనే అంది. స్టిక్కర్ ఎవరు రాశారు అంటే, అదీ నేనే అంది. మూడు వందల గంటల తర్వాత నీళ్ళు ఎందుకు పరీక్షించలేదంటే జవాబు లేదని చెప్పింది. ప్రాజెక్టు ఆపెయ్యాలా అని కమిటీ తర్జనభర్జన పడుతుండగా, ఆమే లేచి ఏడాది ఆపమని కోరింది. ఆ ఏడాదీ మెహర్, తనూ కలిసి రేణువుల ముడి మళ్ళీ మొదటినుంచి వేశారు. యాభై రెండో అప్పడం మీద లోడుని వెయ్యిసార్లు పెంచి తగ్గించినా నీలం రాలేదు. ఈసారి ల్యాబంతా ఎగిరి గంతేసింది. నూకరత్నం కూడా గంతేసింది. మిఠాయి కూడా తింది. దానయ్యకి సంస్థ క్యాంటీన్‌లో వంట పని ఇప్పించారు. ఉప్పు తక్కువ వేస్తాడని అందరూ గొణుగుతారు. తను ఉప్పు తినకూడదు కాబట్టి రుచి చూడడు.

మసేనమ్మ మాత్రం ఆ ఏడాదంతా ఆడపడుచుతో సరిగ్గా మాట్లాడలేదు. కొత్త పొరతో బోటు మళ్ళీ బయల్దేరుతుందని తెలిసిన రోజు ల్యాబుకి వచ్చింది. కూర్చోలేదు.

"మీ అన్న ఎళ్తానంతన్నాడు. అడ్డం పడితే ఆగే మనిసి కాదు. నువ్వు కూడా ఎక్కు. అప్పుడు పంపుతాను."

"నేనా? ఆడమనిషిని బోటెక్కిస్తే కలాసీలు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోపోతే నాకు సెప్పు."

కలాసీల్లో ఇద్దరు గొణిగారు. ఆనాడు బకెట్టు వదలనని పెనుగులాడిన నాగయ్య వాళ్ళ నోరు మూయించాడు. "ఆయమ్మ గంటాగమంటే ఆగినాం గనకే ఉన్నాం. పక్కనుంటే ఇంకా మంచిదే గదా," అన్నాడు.

బయల్దేరే ఉదయం రేవులో ఎండ అప్పుడే వేడెక్కుతోంది. నూకరత్నం పుస్తకాలూ, మీటర్లూ, మందులూ సర్దుకుని బోటు అంచు మీద కాలు పెట్టింది. బోటు అటు వంగింది, అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. వెనకనుంచి ఎవరో కేక వేశారు. మసేనమ్మ రిక్షా మీంచి పెద్ద పెద్ద మంచినీళ్ళ క్యాన్లు దింపుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కోదాన్నీ తొడమీదికి ఎత్తి, అక్కడినుంచి బోటులోకి తోసింది. చెమట తుడుచుకుంది.

"నీ పెట్టె మీద నమ్మకం నేక కాదు," అంది ఆడపడుచు కళ్ళలోకి చూస్తూ. "ఇయ్యుంటే నువ్వు బయపడకండా పని సేత్తావని."

ఎల్లాజీ తాడు విప్పాడు. చప్పుడు లేకుండానే బోటు కదిలింది. రేవు మలుపు దాటగానే మొదటి అల ముక్కు మీద విరుచుకుపడింది. నూకరత్నం తూలి క్యాన్ల మీద పడింది. కలాసీలు ఘొల్లుమన్నారు. ఆమె ఒక చెయ్యి క్యాను మీద, ఇంకో చెయ్యి పెట్టె మీద వేసి లేచి నిలబడి, నవ్వుతూ వెనక్కి చూసింది. రేవులో మసేనమ్మ నడుం మీద చేతులు వేసుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంది.